అమెరికా సైనిక అప్పీళ్ల కోర్టు వెబ్‌సైట్ సమీక్ష: అక్బర్ కేసు అక్కడ ఎంతవరకు చదవవచ్చు?

సైనికుడు తోటి సైనికులను చంపిన ఘటనల గురించి మనకు సాధారణంగా రెండు వార్తలే అందుతాయి. మొదటి రోజు వార్తలో కాల్పులు, మృతుల సంఖ్య, అధికారుల దిగ్భ్రాంతి ఉంటాయి. కొన్నేళ్ల తరువాత లోపలి పేజీలో నాలుగు వాక్యాల శిక్ష వార్త వస్తుంది. ఈ రెంటి నడుమ సైన్యం తన మనిషిని తానే ఎలా విచారించింది, ఎవరు ఏమని వాదించారు, ఏ సాక్ష్యం నిలిచింది, ఏది పక్కకు పోయింది అన్నది పాఠకుడి దాకా రాదు. ఆ నడిమి భాగాన్ని బయటివారు కూడా చదువుకోగల సేవ ఒకటి ఉంది. వాషింగ్టన్‌లో ఉన్న అమెరికా సాయుధ దళాల అప్పీళ్ల కోర్టు తన తీర్పులను వెబ్‌సైట్‌లో పెడుతుంది. రుసుము లేదు, ఖాతా తెరవనక్కర లేదు, హైదరాబాద్‌లో కూర్చుని తెరిచినా అడ్డంకి రాదు.

ఈ సేవ ఎంతవరకు పనికొస్తుందో చూడడానికి నేను, 2003లో కువైట్‌లోని అమెరికా శిబిరంలో తన సైన్యం వైపు అధికారులనే ఇద్దరిని చంపిన సార్జెంట్ హసన్ అక్బర్ కేసును ఎంచుకున్నాను. ఎవరు చేశారన్న సందేహం దాదాపు లేని కేసు ఇది. నేరం రుజువు కావడమే సందేహంలో ఉన్న కేసులో ఏ కోర్టయినా శ్రద్ధగా రాస్తుంది. నేరం తేలిపోయి, చనిపోయినవారు తమ యూనిఫారమే వేసుకున్నవారైనప్పుడు సైనిక న్యాయం ఎంత ఓపిక చూపిస్తుందన్నది అంతకంటే కఠినమైన పరీక్ష.

ముందుగా కోర్టు సంగతి. అమెరికాలో సైనికులందరికీ వర్తించే ఏకరూప సైనిక న్యాయ స్మృతిని 1950లో చేశారు. రెండో ప్రపంచ యుద్ధ కాలపు కోర్ట్ మార్షళ్ల మీద వచ్చిన ఫిర్యాదులు ఆ చట్టానికి ఒక ముఖ్య కారణం. అదే చట్టం ఈ అప్పీళ్ల కోర్టును కూడా పుట్టించింది. ఇప్పుడున్న పేరు 1994 నుంచి వాడుకలో ఉంది. ఇందులోని ఐదుగురు న్యాయమూర్తులూ పౌరులే, ఒక్కొక్కరి పదవీకాలం పదిహేనేళ్లు. కింది మెట్టు అంతా సైన్యం చేతిలోనే ఉంటుంది: కోర్ట్ మార్షల్‌ను ఏర్పాటు చేసేది సేనాధికారి, అందులో జ్యూరీలా కూర్చుని దోషమూ శిక్షా తేల్చే సభ్యులను ఎంపిక చేసేదీ ఆయనే, మొదటి అప్పీలు వినేది కూడా సైన్యంలోని కోర్టే. ఆ పై మెట్టులోనే మొదటిసారి యూనిఫారం లేని మనుషులు కేసును తాకుతారు. మరణశిక్ష పడిన కేసులు ఈ కోర్టుకు తప్పనిసరిగా రావాలి, తీసుకోను అనే వీలు కోర్టుకు లేదు.

వెబ్‌సైట్ రూపం చాలా సాదాసీదాగా ఉంటుంది. పాత ప్రభుత్వ కార్యాలయపు నోటీసు బోర్డు వంటి రూపమే అయినా, కావలసిన కాగితం ఉన్న చోట ఉంటుంది. తీర్పులను క్యాలెండర్ సంవత్సరం వారీగా కాక కోర్టు టర్మ్ (కోర్టు తన పనికి లెక్కించుకునే ఏడాది) వారీగా అమర్చారు కనుక కొత్తవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి: అక్బర్ తీర్పు 2015 ఆగస్టు 19న వెలువడినా 2014 సెప్టెంబరు టర్మ్ కిందనే కనిపిస్తుంది. దానితోపాటు కోర్టు రోజువారీ ఉత్తర్వుల పత్రిక, వాదనల ఆడియో, న్యాయసూత్రాల వారీగా పాత తీర్పులను విడగొట్టి పేర్చిన డైజెస్ట్ ఉన్నాయి. ఈ డైజెస్ట్ న్యాయ విద్యార్థులకు నిజమైన నిధి. హత్య, న్యాయవాది సమర్థత, సభ్యుల ఎంపిక వంటి శీర్షికల కింద కోర్టు ఏయే సంవత్సరాల్లో ఏమన్నదో ముక్కలు ముక్కలుగా దొరుకుతుంది. మామూలు పాఠకుడు మాత్రం నేరుగా తీర్పు పీడీఎఫ్‌కే వెళ్లడం మంచిది.

తీర్పు తెరవగానే ఆకట్టుకునేది సంఘటనను చెప్పిన తీరు. విశేషణాలు లేవు. 2003 మార్చిలో ఇరాక్ మీద దాడి మొదలైన కొద్ది రోజులకే, మార్చి 23 తెల్లవారకముందు, కువైట్‌లోని క్యాంప్ పెన్సిల్వేనియాలో 101వ ఎయిర్‌బోర్న్ డివిజన్‌కు చెందిన బ్రిగేడ్ అధికారులు తమ టెంట్లలో నిద్రపోతున్నారు. ఆ రాత్రి గ్రెనేడ్లకు కాపలా ఉన్న ఇంజనీర్ బెటాలియన్ సార్జెంట్ అక్బర్ వాటిలో కొన్నింటిని తీసుకుని, టెంట్లకు వెలుతురిచ్చే జనరేటర్‌ను ఆపి, ఒకదాని తరువాత ఒకటిగా మూడు టెంట్లలోకి విసిరి, బయటికి వచ్చినవారి మీద రైఫిల్‌తో కాల్చాడు. కెప్టెన్ క్రిస్టఫర్ సీఫర్ట్ వెన్నులో తూటా దిగి చనిపోయారు. వైమానిక దళ నేషనల్ గార్డ్‌కు చెందిన మేజర్ గ్రెగరీ స్టోన్ గ్రెనేడ్ ముక్కలు ఒళ్లంతా తగిలి చనిపోయారు. మరో పద్నాలుగు మంది గాయపడ్డారు. మొదటి టెంట్‌లో ఉండి గాయాలతో బయటపడిన బ్రిగేడ్ కమాండర్ కర్నల్ బెన్ హాడ్జెస్ తరువాతి కాలంలో యూరప్‌లోని అమెరికా సైన్యానికి కమాండర్ అయ్యారు. తీర్పులో ఆయన తన టెంట్‌లో నిద్ర లేచిన ఒక అధికారి మాత్రమే.

బయటి శత్రువు చొరబడ్డాడన్నది ఆ రాత్రి శిబిరంలో చాలామంది మొదటి ఊహ. మనుషుల లెక్క చూసినప్పుడు అక్బర్ కనబడకపోవడంతో అనుమానం లోపలికి తిరిగింది. పట్టుబడినప్పుడు చేసింది నువ్వేనా అని అడిగితే అవునన్నాడని తీర్పు నమోదు చేసింది. ఈ భాగం చదువుతుంటే 2023 ఏప్రిల్ 12న బఠిండా సైనిక స్థావరంలో జరిగినది గుర్తుకు రాక మానదు. అక్కడ కూడా బ్యారక్‌లో నిద్రిస్తున్న నలుగురు ఫిరంగి దళ జవాన్లు తెల్లవారుజామున చనిపోతే, కుర్తా పైజామా వేసుకుని ముఖాలు కప్పుకున్న అపరిచితులే చంపారన్న మాట మొదట బయటికి వచ్చింది. కొద్ది రోజులకు పోలీసులు అదే యూనిట్‌కు చెందిన ఒక గన్నర్‌ను అరెస్టు చేశారు. తమలో ఒకడే చేసి ఉంటాడన్న ఆలోచన ఏ దేశపు సైన్యానికైనా చివరికే వస్తుంది.

ఇక తీర్పులోని అసలు విషయం. అక్బర్‌పై కోర్ట్ మార్షల్ నార్త్ కరోలినాలోని ఫోర్ట్ బ్రాగ్‌లో జరిగింది. 2005 ఏప్రిల్ 21న దోషిగా తేల్చి, 28న మరణశిక్ష విధించారు. సభ్యులంతా ఏకగ్రీవంగా ఒప్పుకుంటేనే ఆ శిక్ష పడుతుంది. చేయలేదన్న వాదన డిఫెన్స్ వైపు లేదు. ముందే తలపెట్టి చేసే స్థితిలో అతని మనసు లేదన్నదే వారి వాదనకు ఆధారం. దానికి వారు అతని డైరీని ఆశ్రయించారు. ఏళ్ల తరబడి రాసిన, మూడు వందల పేజీలు దాటిన ఆ డైరీ మొత్తాన్ని శిక్ష నిర్ణయించే దశలో డిఫెన్స్ న్యాయవాదులే సభ్యుల చేతిలో పెట్టారు. మనిషి ఎలా కుంగిపోతూ వచ్చాడో వారు చూస్తారన్నది న్యాయవాదుల ఆశ. కాని అదే డైరీలో తోటి సైనికులను చంపే ఆలోచనలూ ఉన్నాయి. వాటిలో కొన్నింటిని ప్రాసిక్యూషన్ అప్పటికే చూపించింది. మిగిలినవి డిఫెన్స్ స్వయంగా అందించినట్లయింది.

పదేళ్ల తరువాత అప్పీలులో వచ్చిన పెద్ద ప్రశ్న ఇదే. అక్బర్‌కు దక్కిన న్యాయ సహాయం చాలినంతగా ఉందా? న్యాయమూర్తి ఓల్సన్ రాసిన ముగ్గురి తీర్పు ఉందని చెప్పింది. సభ్యులు హానికరమైన భాగాలను ముందే చూశారు కనుక మొత్తం చూపించడం ఒక వ్యూహమేననీ, వేరేలా చేసినా ఫలితం మారేదని చెప్పలేమనీ ఆ ముగ్గురి అభిప్రాయం. ప్రధాన న్యాయమూర్తి బేకర్, న్యాయమూర్తి ఎర్డ్‌మాన్ ఒప్పుకోలేదు. అక్బర్ నేరం మీద వారికి సందేహం లేదు. మరణశిక్ష కేసుల్లో వాదించే సైనిక న్యాయవాదులకు తగిన అర్హతలు, మార్గదర్శకాలు లేవన్నదే వారి అభ్యంతరం. సరైన వివరణ లేకుండా డైరీ మొత్తాన్ని ఇవ్వడం కక్షిదారుని మీదికే ఆయుధాన్ని అందించడం వంటిదని వారి వాదన సారాంశం.

ఈ భిన్నాభిప్రాయాన్ని తీర్పుతోపాటే, అదే పీడీఎఫ్‌లో, దాచకుండా ఇవ్వడమే ఈ సేవలో నేను అన్నిటికంటే ఎక్కువ విలువ ఇచ్చే అంశం. ఇద్దరు అధికారులను చంపినవాడి పట్ల కూడా తమ వ్యవస్థ సరిగా నడుచుకోలేదని ఇద్దరు న్యాయమూర్తులు రాస్తే, ఆ మాటను యుద్ధంలో ఉన్న దేశం తన సొంత సర్వర్ మీద పెట్టి ప్రపంచానికి చూపించింది. బేకర్ భాగాన్ని నేను మెజారిటీ భాగం కంటే ముందు చదివాను, మీరు కూడా అలాగే చదవమని సలహా ఇస్తాను. సంఘటన మీద కోపం ఇంకా వేడిగా ఉండగానే న్యాయవాది ప్రశ్నను ఎదుర్కోవలసి వస్తుంది. తరువాత మెజారిటీ వాదన చదివితే అది ఎక్కడ బలంగా ఉందో స్పష్టంగా తెలుస్తుంది. నా మటుకు నాకు ఫలితం విషయంలో మెజారిటీ వాదన, పద్ధతి విషయంలో బేకర్ వాదన సబబనిపించాయి.

మరో చిన్న ఘట్టం కూడా ఈ తీర్పులో మాత్రమే ఇంత వివరంగా దొరుకుతుంది. విచారణకు కొద్ది రోజుల ముందు, 2005 మార్చి చివర, అక్బర్ ఒక మిలిటరీ పోలీసును కత్తెరతో పొడిచాడు. ఈ దాడి సంగతి సభ్యుల చెవిన పడకుండా డిఫెన్స్ జాగ్రత్తపడింది. ఆ జాగ్రత్త వారి చేతులనే కట్టేసింది: అక్బర్ శాంతస్వభావుడని చెప్పే సాక్షిని పిలిస్తే, దానికి జవాబుగా ప్రాసిక్యూషన్ కత్తెర సంగతి తీసే వీలుంటుంది. వార్తల్లో చదివినవారికి డిఫెన్స్ బలహీనంగా ఎందుకు కనిపించిందో, ఈ పేజీలు చదివినవారికి అది ఎంత ఇరుకు దారిలో నడిచిందో తెలుస్తుంది.

ఇప్పుడు లోపాలు. మొదటిది, తీర్పు ఉంది కాని దాని కింద ఉన్న మూల రికార్డు ఇక్కడ లేదు. డైరీ గురించి ఇంత చర్చ జరిగాక ఆ పేజీలను పాఠకుడు తానుగా చూసి నిర్ణయించుకునే మార్గం ఇక్కడ దొరకదు. కోర్ట్ మార్షల్ పత్రాలను ప్రజలకు అందుబాటులో ఉంచాలని అమెరికా కాంగ్రెస్ 2016లో చేసిన సైనిక న్యాయ సంస్కరణ చట్టం ఆదేశించింది; ఆ నిబంధనను సైనిక విభాగాలు ఎంత ఆలస్యంగా, ఎంత పిసినారితనంగా పాటిస్తున్నాయన్నది అక్కడి పాత్రికేయులు కోర్టు దాకా తీసుకువెళ్లిన వివాదం. అక్బర్ కేసు దానికి ముందుది.

రెండో లోపం ఇంకా ఇబ్బంది పెట్టేది. కేసు ఈ కోర్టు గడప దాటగానే వెబ్‌సైట్‌లో కథ ఆగిపోతుంది. 2016లో సుప్రీం కోర్టు అక్బర్ పిటిషన్‌ను విచారణకు తీసుకోలేదని తెలుసుకోవాలంటే మరో చోటికి వెళ్లాలి. సైనిక మరణశిక్ష అమలు కావాలంటే దేశాధ్యక్షుడే స్వయంగా ఆమోదించాలి. 1961 తరువాత అమెరికా సైన్యం ఎవరికీ మరణశిక్ష అమలు చేయలేదు. అక్బర్ కాన్సస్‌లోని ఫోర్ట్ లెవెన్‌వర్త్ సైనిక జైలుకు వెళ్లాడు. ఈ మూడు వాక్యాలు తీర్పు పేజీ పక్కన ఉంటే సామాన్య పాఠకుడికి ఎంతో మేలు. నలభై ఏళ్లకు పైగా అమలు కాని శిక్షను 2005లో మళ్లీ ఎందుకు విధించారు, దాని మీద పదేళ్లు ఎందుకు వాదించారు అన్న ప్రశ్న ఆ సమాచారం లేకపోతే పాఠకుడికి తట్టదు. ఇటువంటి వరుసను చూపడం కోర్టు పని కాదని అనవచ్చు. రోజువారీ పత్రికను ఇంత శ్రద్ధగా నడిపే కోర్టుకు ఒక పేరా కష్టమా అని నా ప్రశ్న.

మూడోది, చనిపోయినవారు ఈ పేజీల్లో త్వరగా మసకబారతారు. సీఫర్ట్, స్టోన్ మొదటి పేజీల్లో ఉంటారు. తరువాత వాదన అంతా అక్బర్ బాల్యం, అతని చదువు, అతని మనసు, అతని న్యాయవాదుల చుట్టూ తిరుగుతుంది. అప్పీలు స్వభావమే అది కనుక దీన్ని నేను తప్పుగా లెక్కపెట్టడం లేదు, కాని మృతుల కుటుంబాల వైపు నుంచి చదవబోయేవారు దీనికి సిద్ధపడి ఉండాలి.

ఒకే కేసు చూసి సేవను తూచడం సరికాదు కనుక మరో రెండింటిని కూడా వెతికాను. 2009 నవంబరు 5న టెక్సస్‌లోని ఫోర్ట్ హుడ్‌లో పదమూడు మందిని చంపిన మేజర్ నిదాల్ హసన్ కేసులో ఈ కోర్టు 2023లో మరణశిక్షను నిలబెట్టింది. మానసిక వైద్యుడైన ఈ అధికారి తన కేసును తానే వాదించుకున్నాడు. న్యాయవాదిని వదులుకునే హక్కు మరణశిక్ష కేసులో ఎంతవరకు ఉంటుందన్నది అక్కడి ముఖ్య చర్చ. అక్బర్ తీర్పులో న్యాయవాదులు సరిగా వాదించారా అన్నది ప్రశ్న అయితే, ఇక్కడ న్యాయవాదే వద్దన్నవాడిని ఏం చేయాలన్నది ప్రశ్న. రెండింటినీ వెంట వెంట చదివితే ఈ వెబ్‌సైట్ బలం బాగా తెలుస్తుంది. అదే 2009 మే నెలలో బాగ్దాద్‌లోని క్యాంప్ లిబర్టీలో, మానసిక ఒత్తిడికి చికిత్స చేసే క్లినిక్‌లోనే ఐదుగురిని చంపిన సార్జెంట్ జాన్ రస్సెల్ 2013లో నేరం ఒప్పుకున్నాడు. దానితో మరణశిక్ష తప్పి, పెరోల్ లేని యావజ్జీవ శిక్ష పడింది. అతని కేసులో ఇటువంటి సుదీర్ఘ తీర్పు ఆశించి వెళితే నిరాశే మిగులుతుంది. నేరం ఒప్పుకున్న కేసు సాధారణంగా ఇంత దూరం వచ్చి ఇన్ని పేజీలు పుట్టించదు. సైన్యమే పంపిన క్లినిక్‌లో ఆ హత్యలు ఎలా జరిగాయన్నది పౌరులు ఎక్కువగా తెలుసుకోవలసిన సంగతి. అటువంటి కేసు గురించే ఈ సేవ తక్కువ చెబుతుంది.

తెలుగు పాఠకులకు ఈ వెబ్‌సైట్ ఎందుకు అంటే, మన వైపున పోల్చుకోవడానికి ఇంత స్పష్టమైన పత్రం దొరకదు కనుక. మన 1950 సైనిక చట్టం ప్రకారం జనరల్ కోర్ట్ మార్షల్‌లో కనీసం ఐదుగురు అధికారులు కూర్చుంటారు. మరణశిక్షకు ఏకగ్రీవం అక్కర లేదు, మూడింట రెండు వంతుల మంది ఒప్పుకుంటే చాలు. కోర్ట్ మార్షల్ తన నిర్ణయానికి కారణాలు రాయనక్కర లేదని సుప్రీం కోర్టు రాజ్యాంగ ధర్మాసనం 1990లో ఎస్.ఎన్. ముఖర్జీ కేసులో చెప్పింది. కారణాలే రాయని తీర్పును ప్రచురించినా పాఠకుడికి దక్కేది తక్కువ. శిక్షపడిన సైనికుడికి విచారణ ప్రతిని పొందే హక్కు నిబంధనల్లో ఉంది. ఊళ్లో ఉన్న మనలాంటివారికి అది చేరదు. బఠిండా కేసులో జనరల్ కోర్ట్ మార్షల్ యావజ్జీవ శిక్ష విధించిందని పత్రికల్లో చదివాం. ఆ గన్నర్ తరఫున ఎవరు ఏమి వాదించారో అక్బర్ కేసులో చదివినట్లు చదవలేం.

సాక్ష్యాన్ని తిరిగి పరిశీలించే ఒక్క అప్పీలయినా సైనికుడికి లేకపోవడం పెద్ద లోపమని సుప్రీం కోర్టు 1982లో ప్రిథి పాల్ సింగ్ బేదీ కేసులో ఎత్తిచూపింది. ఆ లోపాన్ని పూరించడానికి 2007 చట్టంతో సాయుధ దళాల ట్రిబ్యునల్ వచ్చి, 2009 నుంచి పనిచేస్తోంది. ఆంధ్రప్రదేశ్ వైపు వారికి చెన్నై బెంచ్ ఉంది. ట్రిబ్యునల్ కూడా తన ఉత్తర్వులను వెబ్‌సైట్‌లో పెడుతుంది, అందుకు మెచ్చుకోవాలి. అయితే అక్కడ ఎక్కువగా కనిపించేవి పింఛను, వైకల్య భత్యం, పదోన్నతి తగాదాలు. వాటి నడుమ కోర్ట్ మార్షల్ అప్పీలును వెతికి పట్టుకోవడానికి ఓపిక కావాలి. అమెరికా కోర్టు డైజెస్ట్ వంటిది ఒక్కటి అక్కడ ఉంటే మాజీ సైనికుల కుటుంబాలకూ, వారి తరఫున వాదించే జూనియర్ న్యాయవాదులకూ చాలా శ్రమ తప్పుతుంది.

ఐదుకు నాలుగు ఇస్తాను. తగ్గించిన ఒక్కటీ మూల రికార్డు లేనందుకూ, కేసు తరువాతి గతి చెప్పనందుకూ. భాష అంతా ఇంగ్లిషే, అదీ ఫుట్‌నోట్లతో నిండిన న్యాయ భాష కనుక ఫోన్ తెర మీద చదవడం కష్టం. కంప్యూటర్‌లోనో అచ్చు తీసుకునో చదవాలి. గ్రెనేడ్ గాయాల వర్ణన ఉన్న మొదటి పేజీలు అందరూ తట్టుకోలేరు. కుటుంబంలో సైన్యంలో ఉన్నవారు ఎవరైనా ఉంటే ఆ భాగాన్ని దాటి, న్యాయవాదుల సమర్థత మీద చర్చ మొదలయ్యే చోటునుంచి చదివినా తీర్పు అర్థమవుతుంది. వాదనల ఆడియోను తీర్పు చదివిన తరువాతే వినాలి. న్యాయమూర్తుల ప్రశ్నలు సగం వాక్యాల్లోనే తెగిపోతూ సాగుతాయి కనుక, ముందు విషయం తెలియకపోతే ఎవరు ఏ డైరీ గురించి మాట్లాడుతున్నారో కూడా పట్టుబడదు.